పెరట్లో ముగియని మిల్లు

ఈ పత్రిక చదివే పెద్దలందరికీ ముందుగా సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా పెదనాయన పోయిన నెల కాలం చేశారు. ఇట్లాంటప్పుడు పోయినవారు అజాతశత్రువులనీ, వారి లోటు తీరనిదనీ, కుటుంబమంతా శోకసముద్రంలో మునిగి ఉందనీ రాయడం మర్యాద. ఆ మర్యాద నాకు చేతకాలేదు. డిగ్రీ పుచ్చుకుని కూడా మనిషి పోయినప్పుడు సరిగ్గా ఒక అబద్ధం రాయలేకపోయినందుకు, నన్ను చదివించిన కాలేజీ తరపున కూడా మన్నించమని వేడుకుంటున్నాను.

ఆ వార్త నాకు అమ్మ చెప్పింది. పొద్దున్నే వెనకగదికి కాఫీ తీసుకుపోయింది. పోయినంత వేగంగా నిండు గ్లాసుతోనే తిరిగి వచ్చి, "మీ పెదనాయన లేవడం లేదురా" అంది. నేను పోయి చూసేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. వేళ్ళ సందుల్లో సిమెంటు అంటుకుని ఉంది. స్నానం చేయించినా అది పోలేదు. నిమ్మచెక్కతో రుద్దితే పోతుందని ఒక బంధువు సలహా ఇచ్చాడు. సలహా ఇచ్చినవాడు రుద్దలేదు, విన్నవాళ్ళూ రుద్దలేదు. ఆ చేతులతోనే పంపించాం.

పెదనాయన మా నాయనకు అన్న. పెద్దమ్మ ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఉద్యోగం బట్టల మిల్లులో, టైమ్ ఆఫీసు గుమాస్తా. ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం ఆయన పని. కాబట్టి ఉత్తర మద్రాసులో ఆయన్ని తిట్టుకోని ఇల్లు తక్కువ. అజాతశత్రువు అని ఎందుకు రాయలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆ మిల్లు ఒకరోజు పొద్దున మూతపడింది. గేటుకు తాళం, తాళం పక్కన నోటీసు. ముందురోజు మరిచిపోయి వచ్చిన టిఫిన్ క్యారియర్ లోపలే ఉండిపోయింది. దానికోసం ఆయన వారమంతా గేటు దగ్గరికి తిరిగారు.

"క్యారియర్ ఒకటి ఇయ్యప్పా. ఆడ కిటికీ పక్కన మేకుకు తగిలించి ఉంటాది" అని వాచ్‌మన్‌ను అడిగారట.

"లోపలికి పోను ఆర్డర్ లేదు సార్. మీరే కదా, ఆర్డర్ లేకుండా ఎవురినీ విడవద్దంటా ఉండింది."

ఇది ఆయనే చెప్పి నవ్వేవారు. ఆ నవ్వులో మనం పాలుపంచుకునేందుకు ఏమీ ఉండేది కాదు.

మా పెరట్లో అంతకుముందే ఆయన వేసుకున్న ఒక చిన్న రైలుమార్గం ఉండేది. మునగచెట్టు చుట్టూ తిరిగి, బావి పక్కగా వచ్చి, బట్టలుతికే రాయి వెనక మలుపు తిరిగేది. పట్టాలు అల్యూమినియం బద్దలు. ఇంజను కడుపులో పాత టేప్ రికార్డర్ మోటారు. బండి బాగానే పోయేది కానీ ఎక్కడా ఆగే పని ఉండేది కాదు. మిల్లు మూతపడ్డాక పెదనాయన ఆ బండికి ఒక గమ్యం కల్పించాలనుకున్నారు. పట్టాల పక్కన మిల్లును కట్టడం మొదలుపెట్టారు. మోకాలెత్తు మిల్లు.

కొన్న బొమ్మ కాదు, అన్నీ చేత్తో చేసిందే. జార్జి టౌనుకు పోయి పాత టీపెట్టెల చెక్క తెచ్చి గోడలు కోశారు. దానిమీద ప్లాస్టరు పూసి, అది సగం ఆరాక విరిగిన హ్యాక్సా బ్లేడుతో ఒక్కొక్క ఇటుకా గీశారు. అమ్మ హెయిర్‌పిన్నులు మాయమై కిటికీ చువ్వలయ్యాయి. ఎక్స్‌రే ఫిల్ములు వేడినీళ్ళలో కడిగితే అద్దాలయ్యాయి. పాలపొడి డబ్బా రేకును నొక్కి నొక్కి ముడతలుగా చేస్తే, రంపం పళ్ళలాంటి మిల్లు కప్పు అయింది. టైమ్ ఆఫీసు కిటికీ పక్కన, గుండుసూది తలను మేకుగా గుచ్చి, రాగితీగతో చేసిన గోరంత క్యారియర్ తగిలించారు. అది బయటికి తీసుకోవడానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు. అయినా ఆయన తీయలేదు.

ఇక మా కుటుంబ గౌరవం విషయానికి వద్దాం. ఆ ఇల్లు మా తాతది. పెదనాయన తన వాటాను ఎప్పుడో ప్రేమగా తమ్ముడి పేరుకు రాసిచ్చేశారు. మిల్లు మూతపడ్డ తరువాత మా వీధిలో పాత ఇళ్ళన్నీ పడగొట్టి ఫ్లాట్లు కట్టడం మొదలైంది. మాకూ ఒక ప్రమోటరు దొరికాడు. నాయన ప్లాను పరిచి అన్నకు చూపించాడు.

పెదనాయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. "బాగుండాది. దీంట్లో నేను యాడుండా?"

"హాల్లో దివాను ఏస్తాంలే అన్నా. పగలు దాన్ని సోఫాగా వాడుకోవచ్చు."

"పగలు నేను యాడ పడుండాల?"

నాయన ప్లాను చుట్టేశాడు.

ఆ ఏడు ఆయుధపూజకు పెదనాయన సగం కట్టిన మిల్లు ముందే తన పనిముట్లను వరసగా పెట్టారు. హ్యాక్సాకు గంధం, సోల్డరింగ్ ఐరన్‌కు కుంకుమ. బొరుగులు తినడానికి వీధిలోవాళ్ళు కూడా వచ్చారు. అందరూ ఉండగా నాయన విషయం ఎత్తాడు.

"అన్నా, ప్రమోటరు అడగతా ఉండాడు. పెరడు ఎప్పుడు ఖాళీ చేస్తాం?"

"మిల్లు కట్టి ముగించనీరా. తరువాత నీ ఇష్టం."

"దానికేం, చిన్న బిల్డింగే కదా. సెరి, మిల్లు ముగిసేదాకా ఈడ గడ్డపార పడదు. చాలునా?"

"కర్పూరం ఆర్పి చెప్పు."

కర్పూరం ఆర్పి చేసిన ఒట్టు తప్పితే వంశానికి చేటని మా ఇంట్లో నమ్మకం. కానీ నలుగురి ముందు వెనకాడితే తమ్ముడి మంచితనం ఏమైపోవాలి? నాయన వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి వేసి ఆర్పాడు. చెయ్యి కొంచెం కాలింది. అన్నకోసం మా నాయనకు ఏదైనా కాలిందంటే అదొక్కటే.

మొదటి వానాకాలం పెదనాయనకు నిజంగానే సాయం చేసింది. టీపెట్టె చెక్క ఉబ్బి, గోడలు విచ్చుకుని, ఇటుకలన్నీ రాలిపోయాయి. కోళ్ళగూటి వలకు సిమెంటు పూసి మళ్ళీ మొదటినుంచి కట్టారు. ఈసారి గోడలకు ఏ వానా ఏమీ చేయలేకపోయింది. అక్కడినుంచి వాన పని ఆయనే చేశారు.

ఫిజిక్సు చదివి ఉద్యోగం లేకుండా ఉన్నవాణ్ణి కాబట్టి సహాయ ఇంజనీరు పదవి నాకు దక్కింది.

"పెదనాయనా, నిన్న పెట్టిన కిటికీ ఏది?"

"వంకరగా ఉండిందిరా. పీకేసినా."

"నేను మట్టం పెట్టి చూసినా. నేరుగానే ఉండింది."

"నీ మట్టానికి ఏం తెలుసు? దానికి పడుకోను చోటు అక్కర్లే."

ఆ తరువాత నేను మట్టం పెట్టలేదు. ఆయన పెట్టేవారు, పీకేవారు. నేను అందించేవాణ్ణి. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన నాయన చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వచ్చి చూసేవాడు. "ఎంతవరకు వచ్చింది?" అని నన్ను అడిగేవాడు, అన్నను కాదు. నేను ముఖం గంభీరంగా పెట్టి, "పునాది స్థాయిలో కొన్ని సాంకేతిక సమస్యలు" అనేవాణ్ణి. పెదనాయన తల ఎత్తకుండా ఇటుక గీసుకునేవారు. నాయన వెళ్ళాక మాత్రం, "సైరన్ మోగందే షిఫ్టు ముగిసినట్టు కాదురా" అనేవారు. ఆయన మిల్లుకు సైరన్ ఆయన ఎప్పుడూ పెట్టలేదు.

ఆయన పెద్దకర్మకు ప్రమోటరు కూడా వచ్చాడు. వడలు బాగున్నాయన్నాడు. భోజనాలయ్యాక నాయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని, అందరికీ వినపడేలా అన్నాడు.

"అన్నకు ఒకే ఆశ ఉండింది. మిల్లు ముగించాలని. దాన్ని మనం తీర్చకుంటే ఆయన ఆత్మ శాంతించదు."

బంధువులు తలలూపారు. అంతమందిలో ఒక్కరైనా నవ్వి ఉంటే ఇంత చేదుగా రాసేవాణ్ణి కాదు. ముగించకుండా ఉండడమే ఆయన ఆశ అని వంటమనిషికి కూడా తెలుసు.

అమ్మ మాత్రం మెల్లిగా అంది. "ఏడాది తిరగందే ఇంట్లో భూమిపూజ ఎట్ల చేస్తారు?"

"మైల మనకు. ప్రమోటరుకు యాడిది? ఆయన పేరు మీదే చేసుకుంటాడు" అన్నాడు నాయన. కన్నీళ్ళు అప్పటికి ఆరాయి.

మిగిలిన పని నాకు అప్పగించారు. కప్పు రేకులు కొన్ని, పొగగొట్టం పైకొస. కాదనలేదు. ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా ముగించాను. నాయన చుట్టూ తిరిగి చూసి, "అన్న చూసుంటే సంతోషపడతా ఉండె" అన్నాడు. మరుసటి రోజే ప్రమోటరు మనుషులు సున్నం డబ్బాతో వస్తారని చెప్పాడు.

వచ్చారు. గోడ పక్కనుంచి గీత గీసుకుంటూ బావి దాటి మిల్లు దగ్గర ఆగిపోయారు. వాళ్ళు ఎందుకు ఆగారో చూడటానికి నాయన వచ్చాడు.

ఈ వ్యవహారమంతటిలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే, అది ఇక్కడ ఒప్పుకుంటున్నాను. నాయన ఈ పత్రికలో పెళ్ళిసంబంధాల పేజీ దాటి చదవడు కాబట్టి ధైర్యంగానే ఒప్పుకుంటున్నాను. ఆ పొద్దున వాళ్ళు రాకముందే మిల్లు పక్కన నాలుగు వెదురుపుల్లలు పాతి, చుట్టూ దారం కట్టాను.

"ఇదేందిరా?" అన్నాడు నాయన.

"స్పిన్నింగ్ షెడ్డు నాయనా. పెదనాయన కట్టింది నేత షెడ్డు ఒకటే. నూలు లేంది మిల్లు ఎట్ల ముగుస్తాది?"

సున్నం డబ్బా పట్టుకున్నతను నాయన ముఖం చూశాడు. నాయన ఎవరి ముఖమూ చూడలేదు. ఇంతలో సన్నగా చినుకులు మొదలయ్యాయి. అందరూ వరండాలోకి జరిగారు. పెరట్లో సున్నం గీత కరిగి మట్టిలోకి పోతూ ఉంది. దారం మీద నీటిబొట్లు వరసగా నిలబడి ఉన్నాయి.