పింగాణీ కుండీలో కుళ్లిన కాక్టస్

చీపురుపల్లి బజారులో భీమశంకరరావుది ఇనుప సామాన్ల కొట్టు. కొట్టు మీద ఇల్లు, ఇంటి మీద డాబా. ఆ డాబా నిండా ఆయన భార్య పద్మకుమారి పెంచే కాక్టస్‌లే. కుందేలు చెవుల్లాంటివి కొన్ని, ఒంటి నిండా నీళ్లు దాచుకుని ఉబ్బినవి కొన్ని. అత్తగారు లక్ష్మణమ్మకు అవంటే గిట్టదు. "పువ్వూ కాయా లేని ముళ్లెందుకే?" అనేది.

అలాంటిది ఈ ఏడు పద్మకుమారి ప్రాణంగా చూసుకునే గుండ్రటి కాక్టస్ తొలి మొగ్గ తొడిగింది. మురిసిపోయి దాన్ని ఖరీదైన పింగాణీ కుండీలోకి మార్చింది. అంతలో విశాఖలో ఉన్న కూతురు బిందుకు జ్వరమని ఫోనొస్తే పరుగెత్తింది. ఆ వెనకే వాయుగుండం పట్టి ఊరంతా వాన.

తిరిగొచ్చి చూస్తే కాక్టస్ మొదలంటా కుళ్లి, పక్కకి ఒరిగిపోయి ఉంది. పద్మకుమారి విసురుగా కిందకి దిగింది. కొట్టులో బేరగాళ్లున్నారు, ఎచ్చెర్ల నుంచి వచ్చిన ఆడపడుచు అనూరాధ ఉంది, ఓ పక్క లక్ష్మణమ్మ కూర్చుని ఉంది.

"నేను లేనప్పుడు నీళ్లు పోసి సంపేశారు కదా అత్తయ్యా! మీ కడుపు సల్లబడిందా?"

"ఊరుకోవే, కొట్టు కాడ ఏటిది?" అన్నాడు భీమశంకరరావు.

"నానేటీ సెయ్యలేదే," అంది ముసలమ్మ. లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం చెంచాతో తింది. అదేమిటని కూడా పద్మకుమారి అడగలేదు.

మర్నాడు పక్క డాబా మీంచి రాజకుమారి పలకరించింది. "మీ అత్త వానలో తడిసి కుండీలన్నీ మెట్ల గదిలోకి మోసింది వదినా. ఆ పెద్ద పింగాణీది కదల్లేదని, తడవకుండా బరకం పట్టా కప్పింది. వాన ఎలిసాక మళ్లీ అన్నీ ఎక్కడివక్కడ సర్దింది. జారిపోతావే పిన్నీ అంటే, కోడలు ఏడుస్తాది అంది. సేతుల్నిండా ముళ్లే."

పద్మకుమారి పింగాణీ కుండీని బోర్లించింది. బురద నీళ్లు కంపు కొడుతూ జారాయి. కుండీకి అడుగున బెజ్జం లేదు. ఆ సంగతి కొన్నప్పుడే తెలుసు. అందానికి లొంగి సర్దుకుంది. ఊరెళ్లేముందు, మొగ్గ ఎండిపోతుందేమోనని రెండు చెంబులు పోసింది కూడా తనే.

సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోయింది. ముళ్లు తీసే చిన్న పట్టకారు తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది. చేయి పట్టుకుంటే లక్ష్మణమ్మ వెనక్కి లాక్కోలేదు. నూగులాంటి ముళ్లు, వేళ్లన్నీ వాచి ఉన్నాయి.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"అంతమందిలో తిట్టి, ఎవులూ లేనప్పుడు బతిమాల్తావేటే?"

పద్మకుమారి తల వంచుకుని ఒక్కో ముల్లే లాగింది. ముళ్లన్నీ తీశాక కొట్టులోకి వెళ్లి మొగుడి ముందు ఒప్పుకుంది. అప్పటికే ఊరెళ్లిపోయిన అనూరాధకు ఫోన్ చేసి, అత్తగారు వినేలా జరిగిందంతా చెప్పింది. కానీ ఆ రోజు కొట్టులో మేకులు కొనుక్కెళ్లిన వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో!

ఇప్పటికీ కొట్టుకొచ్చేవాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు: "మీ అత్త సంపేసిన మొక్కేటి, మళ్లీ తెచ్చారా?"

లక్ష్మణమ్మ వింటూనే ఉంటుంది. పద్మకుమారికి ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి. తల దించుకునే, అందరికీ వినబడేలా చెబుతుంది: "ఆవిడ కాదండి. సంపింది నేను."