అప్పలరాజన్నకు నేనిచ్చిన షాక్

ఇంజను డ్రైవరును ఇంజను దింపడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనక్కర్లేదు. పక్క క్వార్టర్లో నాలాంటి సలహాదారుడు ఉంటే చాలు. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను.

అప్పట్లో నేను బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో కొత్త గుమాస్తాను. పెళ్లిచూపులకు ముందే పొట్ట తగ్గించాలని జిమ్‌లో చేరాను. ఇంట్లో అమ్మ చేసే రాగిజావ, ఉడికించిన కూరలు తప్ప ఇంకేమీ ముట్టేవాణ్ణి కాదు. మొదట్లో బరువు బాగానే దిగింది. తర్వాత సిగ్నల్ దొరకని గూడ్సుబండిలా ఒక్కచోటే నిలబడిపోయింది.

"ప్లేటో ఆగయా భయ్యా," అన్నాడు ట్రైనరు.

తప్పు నా ప్లేటుదనుకుని, ఇంకా చిన్నది కొనమంటావా అని అడిగాను. అతను నవ్వి, బరువు కదలకపోవడాన్నే అలా అంటారనీ, వారానికోసారి ఇష్టమైనది తింటే ఒళ్లు ఉలిక్కిపడి మళ్లీ కరుగుతుందనీ చెప్పాడు. దాని పేరు చీట్ మీల్.

సరిగ్గా అప్పుడే, చెల్లి పిల్లలకు జ్వరాలని అమ్మ తఖత్‌పూర్ వెళ్లింది. జావ నేనే కాచుకున్నాను. ఆదివారం మాత్రం స్టేషను దగ్గర ఛోలే భటూరే, ఆపైన జిలేబీలు లాగించాను. కొన్నాళ్లకు తూచుకుంటే, బరువు తగ్గింది! నేను వేసిన కేకకు జిమ్‌లో ఎవరో డంబెల్ జారవిడిచారు.

పక్క క్వార్టరు అప్పలరాజన్న గూడ్సు ఇంజను నడుపుతాడు. ఈసారి పరీక్షకల్లా బరువు తగ్గకపోతే ఇంజను ఎక్కనివ్వనని డాక్టరు చెప్పేశాడు. పాపం, వదిన పెట్టే సొరకాయ ముక్కలతో నెట్టుకొస్తున్నాడు.

"ఏటి సేసావురా? నాకూ సెప్పు," అన్నాడు.

"తిని తగ్గాలి, అన్నా."

"తినేసి తగ్గడమేటిరా?"

"సైన్సు! ఒంటికి షాకివ్వాలి."

"అచ్ఛా! మరి నాది నీకంటే పెద్ద ఒళ్లు కదా?"

న్యాయమైన ప్రశ్న. కాసేపు గడ్డం నిమురుకుని, "అయితే పెద్ద షాకే ఇవ్వాలి. రోజు విడిచి రోజు తిను," అన్నాను.

తిన్నాడు. బిర్యానీ, సమోసాలు, రబ్డీ, అన్నీ శ్రద్ధగా, మందు వేసుకున్నట్టు తిన్నాడు. తోడుగా నేనూ ఒకట్రెండుసార్లు వెళ్లి ధైర్యం చెప్పాను.

పరీక్షనాడు మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పెరిగిపోనానురా. తగ్గేదాకా షెడ్‌లో కూకోమన్నారు."

అంతలో అమ్మ సంచితో ఆటో దిగింది. నన్ను చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, ఏటిరా ఇలా సిక్కిపోనావు? నాను లేకపోతే నీ జావలో నెయ్యి ఎవులేస్తారు!"

"నెయ్యేటమ్మా?"

"పీలగా అయిపోతుంటే సూడలేకపోనాను. జావలో గరిటెడు, కూరలో గరిటెడు. అంతే!"

అప్పలరాజన్న మెట్టు మీద కూలబడ్డాడు. "అంటే ఈడు తగ్గింది భటూరేలు తిని కాదా? నువ్వు ఊళ్లో లేకనా?" దెబ్బలు తప్పవనుకుని నేను తలుపు చాటుకు జరిగాను. ఆయన నా వంక చూడనైనా లేదు.

"ఎల్లేదానివి ఈడిని కూడా అట్టుకెల్లిపోవాల్సింది పిన్నీ!" అన్నాడు.

శిక్షగా రోజూ పొద్దున్నే ఆయనతో కలిసి కాలనీ చుట్టూ నడిచాను. కొన్ని నెలలకు ఆయన మళ్లీ ఇంజను ఎక్కాడు. వెళ్తూ వెళ్తూ హారన్ గట్టిగా కొట్టాడు. నన్ను దీవించాడో తిట్టాడో ఇప్పటికీ తెలియదు.

అందుకే, ఇకపై ఎవరి విస్తరి విషయంలోనూ నోరు తెరవనని గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. నా విస్తరి ముందు మాత్రం తెరుస్తాను. అక్కడ మూసుకుంటానని నేనెవరికీ మాటివ్వలేదు.