ఢిల్లీశ్వరరావు గారి స్టీరింగ్ ఆయిల్

ఢిల్లీశ్వరరావు గారికి కారు నడపడం మీద పెద్ద మోజు లేదు. కారుకి స్టీరింగ్ ఆయిల్ మార్చడం మీద మాత్రం ఉంది. ఒడిశాలోని దామంజోడి టౌన్‌షిప్‌లో ఆదివారం పొద్దున్న కొందరు గుడికి పోయేవారు, కొందరు మాంసం కొట్టు ముందు నిలబడేవారు. ఆయన బనీనుతో పోర్చిలోకి వచ్చి పాత ఎస్టీమ్ కారు బానెట్ ఎత్తేవారు. ఆ బండి ఎక్కడికీ పెద్దగా తిరిగేది కాదు గాని, దాని ఆయిల్ మాత్రం ఎప్పుడు చూసినా పెళ్ళికూతురి పారాణిలా ఎర్రగా మెరిసేది.

"ఇంజినాయిల్ ఎవడైనా మారుస్తాడు. బ్రేకాయిల్ కూడా మారుస్తాడు, ప్రాణభయం కదా. స్టీరింగ్ ఆయిల్ సంగతి ఎవడికీ పట్టదు. పాపం అది మూలుగుతా మూలుగుతా పన్జేస్తాది, ఇంట్లో ఆడమనిషిలాగ," అనేవారు.

"ఆ ముక్క మళ్ళీ అనండి. సెయ్యి కడుక్కొచ్చి వింటాను," అనేవారు వంటింట్లోంచి ఆయన భార్య భారతీదేవి.

ఆయిల్‌కి ఆయన చేసే పరీక్ష ఒకటుండేది. బానెట్ కింద ఆయిల్ ఉండే డబ్బా మూత తీసి, వేలు ముంచి, తెల్లగుడ్డ మీద రాసి, వాసన చూసి, పోయినవాళ్ళ గురించి చెప్పినంత మెల్లగా "కాలిపోయింది" అనేవారు. ఆ తెల్లగుడ్డ ఒకసారి దిండు గలేబు అయ్యేది, ఒకసారి అల్లుడు పెట్టిన పంచె అయ్యేది. "మా ఇంట్లో తెల్లగా మిగిలినవి ఈయన జుట్టొకటే," అని భారతీదేవి గారు వీధందరికీ చెప్పుకునేవారు.

ఒకసారి కారిన ఆయిల్ చుక్కలు పోర్చి నుంచి గేటు దాకా వరసగా పడ్డాయి. కాపలా డ్యూటీలో ఉన్న దేబాశిష్ ఆ ఎర్రటి చుక్కలు చూసి కర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు.

"కణ హెలా సార్? ఏమైంది? రక్తం ఎవరిది?"

"బండిది బాబూ. వచ్చేవు కదా, కూకో. స్టీరింగ్ తిప్పు."

దేబాశిష్ మధ్యాహ్నం దాకా స్టీరింగ్ తిప్పి, భారతీదేవి గారి చేతి భోజనం చేసి, కర్ర అక్కడే మరిచిపోయి వెళ్ళాడు.

ఎందుకంటే ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. మొదట జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపాలి. పశువుల డాక్టరు దగ్గర సంపాదించిన లావుపాటి సిరంజీతో డబ్బాలోని పాత ఆయిల్ లాగి కొత్తది పొయ్యాలి. అప్పుడు ఎవరో ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ఉంటే, గొట్టాల్లో దాక్కున్న పాత ఆయిల్ బయటికొస్తుంది, గాలి బుడగలుగా పైకి పోతుంది. మళ్ళీ లాగడం, మళ్ళీ పొయ్యడం, మళ్ళీ తిప్పడం. తిప్పే మనిషి కోసం ఆయన వీధిలో ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉండేవారు.

ఒక వర్షాకాలం ఆ పిలుపు పక్క క్వార్టర్‌లోని రోజారమణికి వచ్చింది.

రోజారమణి కోరాపుట్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. పరగడుపున వచ్చి కూర్చునేవాళ్ళకి సూది గుచ్చాలంటే పెందరాళే చేరాలి. బస్సేమో తనకి తోచినప్పుడు వచ్చేది. భర్త త్రినాథరావు డొరగుడ ఫ్యాక్టరీకి బదిలీ అయి, ఇంటికి ఆదివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకుండా వెళ్ళిపోయేవాడు. కారు ఇంటి దగ్గరే ఉంది, ముసుగేసుకుని. ఆమె నడపదు. అంతకు ముందు ఏడాది నేర్చుకుంటూ సిమిలిగుడ దారి మలుపులో ఎదురొచ్చిన లారీకి జడిసి, బండిని కాలవలోకి దించేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పక్కన కూర్చున్న త్రినాథరావు మాత్రం "నీకిది రాదులే" అన్నాడు. ఆ మాట స్టీరింగ్ చూసినప్పుడల్లా ఆమె చేతుల్లో వణుకై వచ్చేది.

ఒక శనివారం ఆమె గోడ మీంచి భారతీదేవి గారితో అంది. "రోజూ ఆలస్యమే పిన్నీ. జనం సీదరించుకుంటన్నారు. ఈ నెలాఖరుకి ఉజ్జోగం మానేస్తాను."

మర్నాడు పొద్దున్నే ఢిల్లీశ్వరరావు గారి గొంతు వినిపించింది. "అమ్మీ, కాలీయేనా? ఓసారొచ్చి స్టీరింగ్ తిప్పుతావేటి?"

"నేనా బాబాయిగారూ? దాని జోలికి రానని ఒట్టేసుకున్నాను."

"బండి ఎక్కడికీ పోదమ్మా. చక్రాలు గాల్లో ఉన్నాయి. ఇంజిన్ ఆపేసుంది. నువ్వు తిప్పకపోతే ఆయిల్లో గాలుండిపోద్ది. గాలుంటే పంపు ఏడుస్తాది."

పంపు ఏడవడం ఇష్టం లేక రోజారమణి వెళ్ళి కూర్చుంది. బానెట్ ఎత్తి ఉంది కాబట్టి ఎదురుగా రోడ్డు లేదు, లారీ లేదు, తెల్లటి రేకు ఒక్కటే. చేతులు వణికాయి. ఆయన తల బానెట్ కింద ఉంది, చూడలేదు.

"ఎడమకి. ఆ. ఇప్పుడు కుడికి. సివర్లో బిగపట్టకు, వదిలీ. నువ్వు మనుషులకి రక్తం తీస్తావు, నేను బళ్ళకి తీస్తాను. ఇద్దరిదీ ఒకటే పని అమ్మీ."

ఆమె నవ్వింది. నవ్వుతూ తిప్పింది. ఎప్పుడో వణుకు ఆగిపోయిందని భోజనాల వేళకి గాని గుర్తించలేదు.

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ పిలుపు.

"మొన్ననే మార్చేరు కదా బాబాయిగారూ?"

ఆయన తువ్వాలు చూపించారు. "కాలిపోయింది."

ఈసారి ఇంజిన్ నడుస్తుండగా తిప్పాలన్నారు. ఆ పై వారం జాకీ దించేశారు. "ఆయిల్ వేడెక్కితేగాని మట్టం తెలీదు. డబ్బా మీద రెండు గీతలుంటాయి, సల్లటిదొకటి, వేడిదొకటి. సల్లటి గీత సూసేం. ఇప్పుడు వేడి గీత సూడాలి."

"వేడెలా ఎక్కుద్ది?"

"నడిస్తే."

"అయితే మీరు నడపండి."

"నేను పక్కన కూకుని పంపు సప్పుడు వినాలి గదా. నడిపేవోడికి వినపడదు."

ఇంటి ముందు నుంచి వీధి చివరి దాకా నడిపింది. ఆయన దిగి, బానెట్ ఎత్తి, వేలు ముంచి, పెదవి విరిచారు. "గోరువెచ్చగుంది. సాలదు." బజారు దాకా వెళ్ళారు. సాలదు. టౌన్‌షిప్ చుట్టూ తిరిగారు. వంటకి పనికిరాదన్నట్టు మొహం పెట్టి సాలదన్నారు. చివరికి ఒక ఆదివారం, "ఈ మొండి ఆయిలు కోరాపుట్ దాకా పోతేగాని వేడెక్కీలా లేదు," అని ముందు సీట్లో కూర్చున్నారు.

సన్నగా వాన పడుతోంది. నీలగిరి చెట్లు దాటాక ఆ మలుపు వచ్చింది. రోజారమణి బండి పక్కకి తీసి ఆపేసింది.

"బాబాయిగారూ, ఇక్కడే."

ఆయన కాలవ వంక చూడలేదు. ఆమె వంకా చూడలేదు. పంపు చప్పుడు వింటున్నట్టు తల ఒక పక్కకి వంచారు.

"ఇక్కడాగితే ఆయిల్ సల్లారిపోద్ది అమ్మీ," అన్నారు మెల్లగా.

ఎదురుగా ఒక లారీ వచ్చి, నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఊపిరి పీల్చుకుని గేరు వేసింది. మలుపు తిరిగింది. తర్వాత ఇంకో మలుపు. కోరాపుట్‌లో ల్యాబు ముందు బండి ఆపేసరికి ఆమె జాకెట్టు చెమటతో తడిసిపోయింది. ఆయన నేరుగా టీ కొట్టుకి నడిచి, బల్ల మీద చతికిలబడి, రెండు టీలు చెప్పారు.

"వేడి గీత సూడరా?" అని అడిగింది రోజారమణి.

"ఏ గీత?" అన్నారు ఆయన.

మర్నాడు ఆమె తన కారు ముసుగు తీసి ఒక్కర్తే పనికి వెళ్ళింది. ఆ రాత్రి డొరగుడ నుంచి త్రినాథరావు ఫోన్ చేసి, "నీకెవరు నేర్పేరు?" అని అడిగాడు.

"ఎవరూ నేర్పనేదు. పక్కింట్లో ఆయిల్ మార్చేం."

త్రినాథరావుకి ఆ సమాధానం ఇప్పటికీ అర్థం కాలేదు.

అసలు సంగతి తర్వాత భారతీదేవి గారు చెప్పారు. రోజారమణి ఇచ్చిన పూతరేకులు తింటూ చాలా మామూలుగా చెప్పారు. "ఆ ఆయిలు ఏళ్ళ తరబడి మార్చక్కర్లేదే అమ్మీ. ఎదురింటి పుణ్యవతి మొగుడు పోయాక గుమ్మం దాటనప్పుడు కాలిపోయింది. ప్రసాద్‌కి పెళ్ళి తప్పిపోయినప్పుడు కాలిపోయింది. వీధిలో ఎవరికి మనసు బాగోకపోతే ఆ వారం మా ఆయిల్ కాలిపోద్ది. ఇంత పెద్ద టౌన్‌షిప్పు, ఏ వారమూ కాలీగుండదు."

"అయితే వారం వారం కొత్త ఆయిలా పిన్నీ?"

"కొత్తదెక్కడిది? లాగిందే వడకట్టి మళ్ళీ పోస్తారు. పైపంచెలన్నీ దానికే అయిపోయాయి."

ఇదంతా చాలా ఏళ్ళ కిందటి మాట. ఢిల్లీశ్వరరావు గారు రిటైరై రాయగడలో చిన్న మేడ కట్టుకున్నారు. ఎస్టీమ్ తుక్కు కిందికి పోయింది. దామంజోడిలో ఆదివారం పొద్దున్న ఎవరి పోర్చిలోనూ బానెట్ లేవదు. ఆ క్వార్టర్ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా రోజారమణికి ఆదివారంలో ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది.

మొన్న శీతాకాలం ఆమె కొత్త కారు కొనుక్కుని, టికిరి మీదుగా ఘాట్ రోడ్డు దాటి, చూపించడానికి రాయగడ వెళ్ళింది. ఢిల్లీశ్వరరావు గారు దండం పెట్టించుకోవడం కూడా మరిచి బానెట్ ఎత్తించారు. ఈ మూల వెతికారు, ఆ మూల వెతికారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికారు.

"డబ్బా ఏదమ్మా?"

"ఉండదు బాబాయిగారూ. ఇప్పుడన్నీ కరెంటు స్టీరింగులే. ఆయిలే లేదు."

ఆయన బానెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "మరి మనిషిని ఏ వంక పెట్టి కూకోబెడతాం?" అన్నారు, తనలో తానే.

భారతీదేవి గారు గుమ్మంలోంచి రోజారమణికి కళ్ళతోనే మేడమెట్లు చూపించారు. అక్కడ పై వాటాలో అద్దెకున్న లిప్సా కూర్చుని ఉంది. కటక్ నుంచి బ్యాంకు ఉద్యోగానికి వచ్చిన పిల్ల. వచ్చిన దగ్గర్నుంచి సరిగా తినదు, ఎవరితోనూ మాట్లాడదు, సెలవు వస్తే ఆ మెట్ల మీదే.

రోజారమణికి విషయం అర్థమైంది. గొంతు కాస్త పెంచింది. "కానీ బాబాయిగారూ, ముందద్దం మీదికి నీళ్ళు సరిగ్గా సిమ్మటం నేదు. లోపల ఎవరైనా కూకుని మీట లాగుతుంటేగాని తెలీదు."

ముసలాయన మొహంలోకి రక్తం వచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల వైపు తిరిగి, "లిప్సా మా, టికే ఆస," అని పిలిచారు, కాస్త రమ్మని.

ఆ పిల్ల మొహమాటంగా లేచి వచ్చి, చెప్పులు విడిచి, సీట్లో కూర్చుంది. ఆయన అద్దం మీదికి బాగా వంగారు. మీట లాగింది. సబ్బు నీళ్ళు పిచికారీలా లేచి సూటిగా ఆయన కళ్ళజోడు మీద, బనీను మీద పడ్డాయి. లిప్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు, వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది.

ఢిల్లీశ్వరరావు గారు కళ్ళజోడు తుడుచుకోకుండానే మళ్ళీ వంగారు.

"ఆఉ థరే మా," అన్నారు, మరొక్కసారి లాగమని. "ఇంకా సరిగ్గా పళ్ళేదు."