తలుపు సందులో అట్టముక్క

రామాంజనేయులు ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపు పూర్తిగా మూసుకోకుండా సందులో ఓ అట్టముక్క మడిచి పెడతాడు. రాయచోటి మనిషి. పరాయి అరబ్బు దేశంలో, అర్దియా అనే ఊళ్లోని ఈ హాల్లో టీలు అందించే పనికి కుదిరి రెండేళ్లు. అంతకుముందు అదే దేశంలో వఫ్రా అనేచోట తోటపనిలో ఉండేవాడు. అక్కడ ఒక చలికాలం, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు బిగించి పడుకున్న ముగ్గురు ఆ పొగకు తెల్లారి లేవలేదు. తలుపు తోసి చూసింది ఇతనే.

ఆ సాయంత్రం హాల్లో ఎలక్ట్రానిక్ సంగీతం. చీకట్లో నలభైమంది పరుపుల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని వింటున్నారు. పాట లేదు, తాళం లేదు. నేలలోంచి వస్తున్నట్టు ఒకటే హోరు. మూలన బఖూర్ ధూపం, దాని కింద ఎర్రగా బొగ్గు. బయటి చప్పుడు రాకూడదని మేనేజరు సూర్యకిరణ్ అట్టముక్క లాగేసి తలుపు మూశాడు. గ్లాసుల ట్రేతో నిలబడ్డ రామాంజనేయులు, దగ్గర్లో పడుకున్నామె ఊపిరి తీస్తోందా అని వంగి చూశాడు. కదలిక లేదు. పక్కాయనలోనూ లేదు. ఆ చీకట్లో ఎవరికైనా ఏం కనిపిస్తుంది? ట్రే వదిలేసి తలుపులు బార్లా తెరిచి, “లెయ్యండి సామీ, లెయ్యండి!” అని అరిచాడు.

హోరు ఆగిపోయింది. అందరూ లేచి కూర్చుని తలో మాటా తిట్టారు.

“ఏంటండీ బాబూ, పరువు తీసేశారు!” అన్నాడు సూర్యకిరణ్.

“ఎవురూ మెదల్లేదు సారూ.”

ఒక మూల పెద్దాయన ఇంకా పడుకునే ఉన్నాడు. రామాంజనేయులు చూపు అక్కడే ఆగింది. ఆయనా లేచి అరబ్బీలో నాలుగు తిట్టాకే, అతను వంగి గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.