కలం కింద పెడతానన్న రోజు

మా ముత్తాత పన్నెండు ఊళ్ళకు దొర. మా తాత వెండిపొన్ను కర్ర నేలకు తట్టి మాట్లాడితే ఎదురుమాట ఉండేది కాదు. ఆస్తి పోయినా ఆ పట్టుదల నాకు మిగిలింది. సూరత్‌లో రాజకీయ విలేకరినై, రెండు పుస్తకాలు రాసినా ఒక్క వాక్యమూ వెనక్కి తీసుకోలేదు.

లాక్‌డౌన్ రోజుల్లో ఒక ఉదయం మా గదిలోంచే ఫోన్‌లో టీవీ చర్చకు కూర్చున్నాను. మరమగ్గాలు మళ్ళీ నడుస్తున్నాయని ఒక నాయకుడు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మా గోడ పక్కనే కార్ఖానా ఉంది. అందులో ఒక్క మగ్గం కదిలినా కలం కింద పెడతాను!"

మాట పూర్తవుతుండగానే గోడ అదిరింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా మోగాయి. నాయకుడు పడీపడీ నవ్వాడు.

ఊరికి నడిచి పోదామని మూట కట్టుకున్న పక్కింటి మరమగ్గాల కార్మికుడు మల్లేశం కిటికీ దగ్గరకు ఉరికొచ్చాడు.

"దొరా, సేటు కార్ఖానా తెరిచిండు! సాంచలు నడుస్తున్నయ్! ఇగ నడిచి పోవుడు లేదు!"

ఫోన్ అతని వైపు తిప్పాను. "నేనే ఓడాను. కలం కింద పెడుతున్నాను" అన్నాను.

"గదేంది దొరా? మా పని షురువైందని మీది బంద్ జేస్తరా? గీ ముచ్చట ఎవలు రాయాలె?"

రాశాను. మా వంశంలో మాట తప్పిన మొదటివాణ్ణి నేనే. అంత సంతోషంగా ఓడినవాణ్ణీ నేనే.

ఆ ఫోన్ మా తాత వెండిపొన్ను కర్ర అమ్మి కొన్నది.