దేవుని కుండలో బియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యానికి రెండు కుండలు ఉండేవి. ఒకటి మాది, ఇంకొకటి దేవునిది. లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్ళో అప్పట్లో మావంటి ఇళ్ళల్లో రోజూ జొన్నరవ్వ ఉడికించిన గటకే. అన్నం ఆదివారం కనబడితే సంబరం. అయినా మా అమ్మ పొయ్యి అంటించే ముందు దేవుని కుండలో ఒక పిడికెడు బియ్యం వేసేది. మేం గటక తినే రోజైనా సరే, దేవునికి మాత్రం బియ్యమే. ఆదివారం ఆ బియ్యాన్ని గిన్నెలో పోసుకుని చర్చికి తీసుకెళ్ళి, ఆరాధన మధ్యలో ముందుకు నడిచి, బల్ల పక్కన పెట్టిన గంపలో పోసి వచ్చేది. మా వాడలో ప్రతి ఇంటి ఆడవాళ్ళూ అంతే. కొన్ని ఊళ్ళల్లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. నేనిప్పుడు ఉంటున్న జనగామలో మాత్రం పిల్లలు ఫోన్‌లోనే కానుక పంపేస్తున్నారు. నాకు అది చేతకాదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు ఉంటాయి. నేను నల్లగా ఉంటాను. మా వాడలో అందరం నలుపే కాబట్టి ఆ సంగతి నాకు అంతవరకూ పెద్దగా పట్టలేదు. ఆ ఏడు క్రిస్మస్ పాటలకు ఆడపిల్లలను వరుసల్లో నిలబెట్టినప్పుడు పట్టింది. కాస్త చామనఛాయగా ఉన్న నలుగురు ముందు వరుసలో ఉన్నారు, నేను చివరి వరుసలో గోడకు ఆనుకుని ఉన్నాను. నా గొంతు వాళ్ళ గొంతుల కంటే బాగుంటుందని నాకు తెలుసు. అలాంటప్పుడు వెనక్కి ఎందుకు నెట్టారో ఊహించడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు అనుకున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి అద్దం ముందు చాలాసేపు కూర్చున్నాను. మా అద్దం నా అరచేతి కంటే పెద్దది కాదు, మొహం ముక్కలు ముక్కలుగా చూసుకోవాలి.

బడిలో ఒక పిల్ల చెప్పింది, నానబెట్టిన బియ్యం నూరి నిమ్మరసం కలిపి రాసుకుంటే పది రోజుల్లో రంగు తేలుతుందని. బియ్యం ఎక్కడివి? మా కుండలో చెయ్యి పెడితే మా అమ్మకు ఇట్టే తెలిసిపోతుంది. దేవుని కుండలోకి మాత్రం ఎవరూ తొంగిచూడరు, ఒకసారి ఇచ్చాక ఎంత ఉందో చూసుకోకూడదని మా అమ్మ నియమం. ఇంకేముంది, ఆ నియమమే నాకు కలిసొచ్చింది. ఆదివారం అమ్మ గిన్నె పట్టినంతే తీసుకెళ్ళేది కాబట్టి కుండ అడుగున ఎప్పుడూ కొంత మిగిలేది. రోజూ ఒక పిడికెడు తీసి, నానబెట్టి, నూరి, నిమ్మకాయ పిండి, దాంట్లో నా సొంత తెలివి కొంచెం కలిపేదాన్ని. నా తెలివి ఏమిటంటే బట్టల సోడా. బట్టల మురికి పోగొట్టేది మొహం నలుపు పోగొట్టదా అనుకున్నాను. తెల్లవారగానే కొట్టం వెనక్కి పోయి మంట పుట్టేదాకా రుద్దుకునేదాన్ని.

దేవుని బియ్యం ఎత్తుకున్నానన్న భయం లేకపోలేదు. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాను. పాపం పోవడానికి పెద్దవాళ్ళు ఉపవాసం ఉంటారు కదా, నేనూ ఉంటే సరికి సరి అవుతుందనుకున్నాను. మధ్యాహ్నం బడి నుంచి ఇంటికి వస్తే, అమ్మానాన్న పొలంలో ఉండేవారు, నా గటక మూతపెట్టి ఉండేది. దాన్ని తీసుకెళ్ళి బర్రె కుడితిలో కలిపేసేదాన్ని. మూడు వారాలు ఇలాగే గడిచాయి. బర్రె మాత్రం బాగా ఒళ్ళు చేసింది.

చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గల మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. చింతగింజ కంటే కొంచెం పెద్దవి, పాలిపోయి, పొట్టు రేగినట్టు ఉన్నాయి. మొదట నేను ఎగిరి గంతేశాను, రంగు తేలుతోందని. ఆ సంబరం ఆదివారం దాకా నిలిచింది. ఆ రోజు సండే స్కూల్లో, తప్పు మాట్లాడిన ఒక ఆడమనిషికి ఒళ్ళంతా కుష్ఠు పొడిచి తెల్లగా అయిపోయిన కథ చెప్పారు. అంతకు ముందు వారం చెప్పింది కానుకలో కొంత దాచుకుని అబద్ధమాడిన మొగుడూ పెళ్ళాల కథ. వాళ్ళిద్దరూ నిలబడ్డ చోటే పడి చచ్చిపోయారు. రెండు కథలూ నా కోసమే చెప్పినట్టు అనిపించింది.

కుష్ఠును మా దిక్కు పెద్దరోగం అనేవారు. మా వాడలో ఒక పెద్దమ్మకు అది వచ్చి, దవాఖానలో ఉండి, పూర్తిగా నయం చేయించుకుని వచ్చింది. నయమైందని డాక్టర్లు చెప్పినా ఆమె కంచం బయట చూరుకే వేలాడేది. ఆమె తలకు నూనె రాసే చెయ్యి లేదు. రోజూ ఆమెను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నా గతి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పంటి నొప్పి అని చెప్పి ఓణీ కొంగుతో బుగ్గలు కప్పుకుని తిరిగాను. మా అమ్మ నమ్మి, పంటి కింద పెట్టుకొమ్మని లవంగం ఇచ్చింది. మా చెల్లెకు అప్పుడు రెండేళ్ళు. ఎత్తుకోమని నా కాళ్ళకు చుట్టుకుంటే విడిపించుకుని దూరంగా పోయేదాన్ని. ఆ పిల్ల ఏడుస్తుంటే గోడ చాటున నిలబడి నేనూ ఏడ్చేదాన్ని. ఆ వారం రోజులు నేను అనుభవించిన బాధ పగవాళ్ళకు కూడా వద్దు.

తర్వాతి ఆదివారం మా అమ్మకు జ్వరం వచ్చింది. ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టి, బియ్యం పోసుకుని నన్ను పొమ్మంది. దేవుని కుండలో మిగిలింది గిన్నె అడుగుకు కూడా రాలేదు. జ్వరంలో ఉంది కాబట్టి అమ్మ చూడలేదు. కానుకల వేళ ఆడవాళ్ళ వెంట నేనూ ముందుకు నడిచాను. ఒక్కొక్కరు గంపలో పోస్తుంటే బియ్యం జారే చప్పుడు వినబడుతోంది. నా వంతు వచ్చింది. గిన్నె వంచితే చాలు, పడి చచ్చిపోతానని నాకు ఏ అనుమానమూ లేదు. వంచలేకపోయాను. గిన్నెను గుండెకు అదుముకుని అందరి మధ్య నుంచీ బయటికి పరుగెత్తాను.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మ, అంటే మా పాస్టరు గారి భార్య, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చర్చి వెనక వాళ్ళ కోళ్ళు తిరిగే చోట గోడ మూలకు ముడుచుకుని కూర్చుని ఉన్నాను. ఆమెది మానుకోట దిక్కు. అదే, ఇప్పటి మహబూబాబాద్. మాట కటువు, నవ్వు తక్కువ, మేమంతా ఆమెకు భయపడేవాళ్ళం. పెళ్ళికి ముందు ఆమె పెద్దరోగం దవాఖానలోనే పని చేసిందన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆమె కొంగు తీయబోతే నేను వెనక్కి జరిగాను.

"నన్ను ముట్టకుండ్రి అమ్మా. నాకు పెద్దరోగం వచ్చింది," అన్నాను.

ఆమె ఆ మాట విననట్టే నా రెండు బుగ్గలనూ రెండు అరచేతులతో పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. మచ్చలను బొటనవేలితో నిమిరి చూసింది. అన్ని రోజుల తర్వాత నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారి. నాకు దుఃఖం ఆగలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, కింద పడి ఉన్న కోడి ఈక ఒకటి ఏరి, దాని మెత్తటి కొసను నాకు చూపించింది.

"కండ్లు మూసుకో. నేను ముట్టినప్పుడల్లా ఏడ ముట్టిన్నో వేలు వెట్టి చూపియ్యి," అంది.

కళ్ళు మూసుకున్నాను. ఎడమ బుగ్గ మీద చీమ పాకినట్టు అనిపించింది, చూపించాను. తర్వాత కుడి బుగ్గ, చూపించాను. నుదురు, చూపించాను. మళ్ళీ ఎడమ బుగ్గ, అదీ చూపించాను. ఇప్పుడు ఏడ అని అడిగింది. ఎక్కడా ఏమీ తెలియలేదు. తెలుస్తలేదు అని చెప్పాను, ఇంక అయిపోయిందని కూడా అనుకున్నాను. అప్పుడు ఆమె నా తల మీద మెల్లగా ఒకటి మొట్టింది.

"గిప్పుడు నేను ముట్టలే, గందుకే నీకు తెల్వలే. ముట్టినప్పుడు మచ్చ మీద గూడ తెలిసింది. పెద్దరోగం మచ్చకు గట్ల తెల్వది బిడ్డా. నీకు ఏం రాలే."

ఆ ఒక్క మాటతో నా మీది బండరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. అయినా ఆమె నన్ను ఈకతోనే వదిలిపెట్టలేదు, ఆ వారమే దవాఖానకు తీసుకెళ్ళి డాక్టరుతో కూడా అదే మాట అనిపించింది. ఇప్పటి పిల్లలకు నేను చెప్పేదీ అదే, మచ్చ కనిపిస్తే కోడి ఈక కోసం వెతకకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రోగం లేదన్నాక పాపం మిగిలింది. బియ్యం సంగతి, సోడా సంగతి, బర్రె కుడితి సంగతి ఒక్కటీ దాచకుండా చెప్పేశాను. పాస్టరమ్మ అంతకు ముందు మేమెప్పుడూ చూడనంతగా నవ్వింది. ఆ గంపలో బియ్యం ఎవరు తింటున్నారనుకున్నావని అడిగింది. నేను ఎప్పుడూ ఆలోచించలేదు. దేవుడు వచ్చి వండుకోవడం లేదు, మేమే తింటున్నాం అని చెప్పింది. ఆకలికి తట్టుకోలేక దేవుని సన్నిధిలోని రొట్టె తిన్న రాజు కథ కూడా గుర్తుచేసింది. ఆయనను దేవుడు ఏమీ అనలేదు కదా అంది. నాకు అది సరిపోలేదు. ఆ రాజుకు ఆకలేసింది, తిన్నాడు. నేను మొహానికి రాసుకున్నాను. అదే అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "నీది గూడ ఆకలే బిడ్డా. గది వేరే ఆకలి," అంది.

అంతే అంది. లోపలికి తీసుకెళ్ళి పీట వేసి, ఆ గంపలోని బియ్యంతోనే వండిన అన్నం పెట్టింది. మునగాకు పప్పు, ఉడికించిన గుడ్డు. పడి చచ్చిపోతానేమో అనుకుంటూనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగాను. ఏమీ కాలేదు. రెండో ముద్ద మింగాను. ఆ తర్వాత ఎన్ని ముద్దలు తిన్నానో నాకు గుర్తులేదు, పప్పు గిన్నె మాత్రం ఖాళీ అయింది.

నేను తింటున్నంతసేపూ ఆమె మందలిస్తూనే ఉంది. సోడా బట్టలకే, మొహానికి కాదంది. చలికాలం మొహం కడిగాక తడి ఉండగానే రెండు చుక్కల కొబ్బరినూనె చాలంది. ఎదిగే పిల్లలు తిండి మానేస్తే జుట్టూ పోతుంది, కళా పోతుందని, మునగాకు, పల్లీలు, దొరికినప్పుడు గుడ్డు, ఇవే నీకు స్నో, పౌడరు అని చెప్పింది. దేవునికి చెల్లించడానికని కడుపు మాడ్చుకుంటే అది ఉపవాసం కాదు, బేరం అంది. ఆ మాట నాకు సూటిగా తగిలింది. చివరి వరుస సంగతి కూడా అడిగేశాను. పొడుగ్గా ఉన్న పిల్లలందరినీ వెనకే నిలబెట్టామని చెప్పింది. ఇప్పటికీ ఆ మాట నేను సగమే నమ్ముతాను. కానీ ఆ క్రిస్మస్‌కు చివరి వరుసలోంచే చర్చి చివరి దాకా వినబడేలా పాడాను.

మీ అమ్మకు నువ్వే చెప్పుకో అని పాస్టరమ్మ గట్టిగా చెప్పింది. జ్వరం తగ్గాక చెప్పాను. మా అమ్మ విని, వీపు మీద రెండు చరిచింది. అవి బియ్యానికి కాదు, గటక బర్రెకు పోసినందుకు. తర్వాత చెల్లెను తెచ్చి నా ఒళ్ళో వేసి పనికి పోయింది. మచ్చలు ఎండాకాలం రాకముందే కలిసిపోయాయి. నా రంగు నా దగ్గరే ఉండిపోయింది, ఈ అరవై దాటిన వయసులో దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మొన్నామధ్య మా చర్చి యువతుల కూడికలో ఒక పిల్ల మొహానికి కొంగు కప్పుకుని వచ్చింది. ఫోన్‌లో చూసి ఏదో క్రీము తెప్పించుకుని రాస్తే బుగ్గలు కమిలిపోయాయి. ప్రార్థన తగ్గింది కాబట్టే దేవుడు ఇలా చేశాడని ఇంట్లో అన్నారట, రెండు రోజులుగా ఏమీ తినలేదట. నేను ఆ బుగ్గలను రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ముందు అన్నం పెట్టించాను, తర్వాత ఆటో ఎక్కించి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. క్రీము మానేస్తే తగ్గుతుందని ఆయన చెప్పాడు. దారిలో ఆ పిల్ల, దేవునికి నా మీద కోపం లేదా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లేదనే చెప్పాను, అంత గట్టిగా ఎలా చెప్పగలిగానో నాకు తెలుసు.

ఆ ఆదివారం తర్వాత నేను భయపడినవి చాలా ఉన్నాయి. మా ఆయన దవాఖానలో ఉన్న నెల రోజులూ వణికాను, ఇప్పుడు షుగర్ పరీక్షకు పోవాలన్నా భయమే. తప్పులకూ కొదవలేదు, నా నోరు ఊరుకునేది కాదు. కానీ తప్పు చేసి దేవుని ముందు నుంచి పరుగెత్తడం మాత్రం ఆ ఒక్కసారితోనే అయిపోయింది. ఇప్పుడు తప్పు జరిగిన రోజు ముందు కడుపునిండా ఇంత అన్నం తింటాను, ఆ తర్వాత మోకరిస్తాను.