లాంటానా అంచు

నోరీన్ టాటర్సాల్ ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయింది. ఇప్పుడు ప్రతి శనివారం పొద్దున్నే వాగు ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న కత్తితో కలుపు తీస్తుంది. అడవి బాగున్న చోట మొదలుపెట్టి, చెడిన వైపుకు జరగడం ఆమె పద్ధతి. తీసినచోట అడవి మొక్కలు వాటంతటవే మొలిచేదాకా అంగుళం కూడా ముందుకు కదలదు.

ఆమెతో కలుపు తీసే గుంపులో కొత్తగా చేరిన క్లైవ్‌కి అది చూస్తే ఒళ్ళు మండింది.

"అడవిని మింగేస్తున్న ఆ లాంటానా ముళ్ళడొంకని మిషను పెట్టి ఒక్కపూటలో లేపేద్దాం. ఇలా గిల్లుతూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేది?"

"లేపేయ్," అంది నోరీన్ తలెత్తకుండా. "వానపడితే రెట్టింపు కలుపొస్తుంది. ఇక అందులో గూళ్ళు కట్టుకున్న పిట్టలకి అద్దిల్లు నువ్వే చూసిపెట్టు."

టీ వేళకి ఇద్దరూ ఏపుగా పెరిగిన వాటిల్ అనే అడవి చెట్టు నీడన చేరారు. డొంక ఇంకా నలభై అడుగుల దూరంలో ఉంది.

"ఇంతకీ అక్కడిదాకా ఈ జన్మలో చేరతామంటారా?" క్లైవ్ చెట్టుకి వీపు ఆనించి వెటకారంగా అడిగాడు.

నోరీన్ ఫ్లాస్కు మూత బిగించింది.

"నేను ఈ పనిలో చేరిన రోజున మనం కూర్చున్న ఈ చోటు ఆ డొంకకి నట్టనడుమ ఉండేది, బాబూ. నువ్వు ఆనుకున్న చెట్టు అప్పటికి పుట్టనేలేదు. దాన్ని ఎవరూ నాటనూ లేదు."